సంతకాల పుస్తకం

ఆ రోజు ఫక్రుద్దీన్ ఎవరి కోసం భయపడ్డాడు? ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. నల్లగొండ వైపు నేను పనిచేసిన కాలేజీలో అతను తాత్కాలిక అటెండరు. సర్క్యులర్ పుస్తకం చంకలో పెట్టుకుని గదిగదికీ తిరిగేవాడు. ప్రతి సంతకాన్నీ ఊది ఆరబెట్టేవాడు. సంతకం తప్ప మరేమీ రాయకూడదని అట్టమీదే ఉండేది. ఇంకా పర్మినెంటు కాని లెక్చరర్ గాలయ్య మాత్రం, “మీటింగుల చాయ్ అన్నా పోస్తడా గీ పిసినారి?” అని ప్రిన్సిపాల్ గురించి ఆ పుస్తకంలోనే రాసేశాడు.

“గిదేంది సార్! పెద్దసారు చూస్తే మీ నౌకరి ఉంటదా?” అన్నాడు ఫక్రుద్దీన్. “నువ్వు చూపియ్యకు మియా,” అని గాలయ్య నవ్వాడు. పేజీలకు నంబర్లున్నాయి, చింపడానికి లేదు. ప్రిన్సిపాల్ తెరిచేసరికి ఆ పేజీ నిండా సిరా. “చెయ్యి జారింది సార్,” అన్నాడు ఫక్రుద్దీన్. “రేపట్నుంచి రాకు,” అన్నాడాయన. స్టాఫ్‌రూంలో గాలయ్య లేచి నిలబడ్డాడు గానీ మళ్లీ కూర్చున్నాడు. ఫక్రుద్దీన్ చిలక్కొయ్యకున్న తువ్వాల భుజాన వేసుకుని, ఎవరికీ పోయొస్తానని చెప్పకుండా వెళ్లిపోయాడు.