ప్రివ్యూ అన్న మాట చెరిపేశారు

ఆఫీసులో ఆమెను వెనకాల అందరూ మిరపకాయ అనేవాళ్లు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. మూడో అంతస్తులో, కిటికీ తెరుచుకోని మూల గదిలో ఆమె బల్ల. ఆసుపత్రుల కంప్యూటర్లు ఒకదానికొకటి పంపుకునే ఎక్స్ఎంఎల్ ఫైళ్లతో ఆమెకు ఏళ్ల తరబడి కుస్తీ. రోగి పేరు, వయసు, బరువు, మందు, ఒక్కో వివరానికి ఒక్కో గుర్తు తగిలించి పంపే ఫైళ్లవి. అంకె ఉండాల్సిన చోట ఎవరో అక్షరాలు రాస్తారు. ప్రోగ్రాం నడిచేదాకా ఆ తప్పు బయటపడదు. పడ్డాక తిట్లు తినేది ఈమె.

విసిగి వేసారి ఆమే ఒక పనిముట్టు తయారుచేసింది. ఏ గుర్తులో ఏ రకం వివరం ఉండాలో ముందే చెబితే చాలు, ప్రోగ్రామర్ తప్పు రాస్తుండగానే కింద ఎర్రగీత పడుతుంది. మొదటిసారి గీత పడిన రోజు, లిఫ్టు మెకానిక్కయిన మొగుణ్ణి అన్నం దగ్గర నుంచి లేపి మరీ చూపించింది.

అయితే ఒక లోపం మిగిలింది. వివరం ఖాళీగా వస్తే, ఆ పనిముట్టు దాన్ని సున్నా అనుకునేది. అందుకే ప్రివ్యూగా విడుదల చేద్దామంది. వాడి చూసి తప్పులు చెప్పండి, అసలు పనికి మాత్రం వాడొద్దు అని పేజీ మీద రాసింది. మేనేజరు తలూపాడు. ఆమె చెల్లెలి కాన్పుకని సెలవు పెట్టి వెళ్లింది.

తిరిగొచ్చి కుర్చీలో కూర్చుందో లేదో, ఫోను మోగింది. ఒక ఆసుపత్రిలో పిల్లల వార్డు నర్సు.

"మా వార్డులో మందు లెక్కగట్టే ప్రోగ్రాంకి వాడిన పనిముట్టు తయారుచేసింది మీరేనా?"

"నేనే. చెప్పండి."

"ఫిట్స్‌తో పసిపిల్లని తెచ్చారు. బరువింకా చూళ్లేదు, గడి ఖాళీగా ఉంది. మీ కంప్యూటరేమో బరువు సున్నా, మందు సున్నా అంటోంది! నేనది నమ్మి ఊరుకునుంటే? బుద్ధుందా మీకు?"

"పాప ఎలా ఉంది?"

"డాక్టరుగారిని పరుగున పిలుచుకొచ్చాను కాబట్టి బాగానే ఉంది. మీ పుణ్యం మాత్రం కాదు." ఠక్కున పెట్టేసింది.

విడుదల పేజీ తెరిచి చూసింది. ప్రివ్యూ అన్న మాట లేదు. లోపం గురించి రాసిన వాక్యాలూ లేవు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. పేజీ మొత్తం తీసేసి, దాన్ని వాడుతున్న ఆసుపత్రులన్నిటికీ ఫోన్లు మొదలుపెట్టింది.

మేనేజరు విసురుగా లోపలికొచ్చాడు. "ఎవర్నడిగి తీసేశావ్?"

"ఆ మాట మీరెవర్నడిగి చెరిపేశారు సార్?"

"ప్రివ్యూ అంటే ఎవడు కొంటాడమ్మా? ఒక్క మాటకి ఇంత రాద్ధాంతమా? పిల్లకేం కాలేదుగా!"

"కాకుండా చూసింది ఆ నర్సు. మనం కాదు!"

మర్నాడు ఆసుపత్రి వాళ్లు సంజాయిషీ అడగడానికి వచ్చారు. మేనేజరు నవ్వుతూ, "మా అమ్మాయి కాస్త తొందరపడిందండీ" అన్నాడు.

ఆమె కుర్చీ వెనక్కి తోసి లేచింది. "తొందరపడింది నేను కాదండీ. పనికి వాడొద్దని రాశాను. అది చెరిపేసింది ఈయన."

ఆసుపత్రి వాళ్లు ఆ మాట కాగితం మీద రాసుకున్నారు.

ఆ వారంలోనే ఆమెను ఫోన్లకు జవాబిచ్చే విభాగంలో పడేశారు. "కాస్త నోరు అదుపులో పెట్టుకోవాల్సింది" అన్నాడు మొగుడు. "ఆ పాప మనదైతే కూడా ఇలాగే అంటావా?" అని కంచం విసురుగా పక్కకు నెట్టి వెళ్లిపోయింది. పొద్దున్నే అతను టీ తెచ్చిచ్చి, "నేనలా అనడం తప్పే" అన్నాడు. టీ తాగి, ఖాళీ కప్పు అతని చేతికే ఇచ్చి ఆఫీసుకు బయల్దేరింది.

ఆసుపత్రి పట్టుబట్టడంతో పనిముట్టు మళ్లీ ప్రివ్యూగానే బయటికొచ్చింది. ఖాళీని ఖాళీగానే చూపించే మార్పు ఆమె చేతే చేయించుకున్నారు, పేరు మాత్రం వేయలేదు. కొన్నాళ్లకు మేనేజరు ఫోన్ల గదిలోకి వచ్చి ఆమె బల్ల పక్కన నిలబడ్డాడు.

"ఇక ఆ మాట తీసెయ్యొచ్చంటావా?"

ఆమె తలెత్తలేదు. "తేదీ గడి ఖాళీగా వస్తే ఏం చూపిస్తుందో ఇంకా తేలలేదు. తేలాక నేనే చెప్తాను. ఈలోపు దాని మీద చెయ్యి వేశారో, ఆసుపత్రికి నేనే ఫోన్ చేస్తాను."

అతను వచ్చిన దారినే వెళ్లిపోయాడు. ఆమె మోగుతున్న ఫోను ఎత్తింది.