రాతి అర్రలో ప్రతాప్‌రెడ్డి

దేవరయాంజాల్ శివారులో తాతల నాటి రాతి అర్రను డంగుసున్నంతో బాగుచేయించి, బీపీ తగ్గేదాకా వారానికి రెండు రోజులు అందులో ఊరికే కూర్చుంటానని డాక్టరుకు మాటిచ్చాడు ప్రతాప్‌రెడ్డి. తూంకుంటలో ప్లాట్లు అమ్మే మనిషికి ఊరికే కూర్చోవడం చేతకాదు. నవారు మంచం మీద నడుం వాలుస్తాడు, లేస్తాడు. సిగ్నల్ కోసం సెల్‌ఫోను పట్టుకుని కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటపెడతాడు. చల్లటి గోడకు అరచెయ్యి ఆనిస్తాడు, అంతలోనే గడియారం చూసుకుంటాడు. ఇక ఏమీ తోచక, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించుకుంటూ ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తాడు. పెదాలు కదులుతుంటాయి.

ఆ శనివారం పొద్దున అలాగే నడుస్తుంటే, మిగతా అయిదు రోజులూ అర్రను కనిపెట్టుకుని అందులోనే పడుకునే ముసలి ఈదమ్మ, ఊడుస్తున్నదల్లా చీపురు ఆపి అతని పాదాలవైపు చూసింది. మూలనున్న తన నీళ్ళకుండ, సద్దిగిన్నె, గొంగడి ఒక్కొక్కటే తీసుకెళ్ళి బయట వేపచెట్టు కింద పెట్టింది.

“ఏంది ఈదమ్మా, సామాన్లెందుకు దీస్తున్నవ్?”

“అడుగులు గొలుస్తున్నవ్ గద పటేలా. మా చెల్కల గూడ గిట్లనే గొలిసినవ్. మూడొద్దులకే హద్దురాళ్ళు దిగినయ్.”

“గీ అర్ర నేనెందుకమ్ముత? నా పానం కోసం జేపిచ్చుకున్న,” అంటూ ప్రతాప్‌రెడ్డి గబుక్కున మంచం మీద కూర్చున్నాడు.

ఈదమ్మ మళ్ళీ అతని కాళ్ళవైపు చూసింది. కుడికాలి బొటనవేలు నేలబండ అంచు వెంబడి కొలుస్తూనే ఉంది. ఆమె కుండను లోపలికి తేలేదు.