రెండో అంతస్తు మలుపులో ఈల

మూడో అంతస్తులో ఇల్లు. రెండో అంతస్తు మలుపు దగ్గర ఆగి, కమ్మీ మీద చెయ్యి వేసి, నాలుగు స్వరాల ఈల వేసేవాడు. మొదటి రెండూ పక్కపక్కనే ఉండేవి, మూడోది ఎగిరేది, నాలుగోది జారేది. ఆ జారడం సంగీతం కాదు, ఆయాసం. అప్పటికి ముప్పై ఎనిమిది మెట్లు ఎక్కి ఉండేవాడు మరి. పైన గడియ తీసిన చప్పుడు వినిపించేది. మిగిలిన పందొమ్మిది మెట్లూ ఎక్కేసరికి తలుపు ఓరగా తెరిచి ఉండేది, భార్య మళ్ళీ వంటగదిలోకి వెళ్ళిపోయి ఉండేది. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఇంటికి కాలింగ్ బెల్లు లేదు.

అతను కుట్టుమిషన్ల మెకానిక్. అతని కొట్టు ఉన్న వరసలోనే, మేడ మీద పాటలు రికార్డు చేసే స్టూడియో ఉంది. మిషను తల విప్పి, మరలు పంటి కింద పట్టుకుని, ఒక్కొక్కటీ బిగించుకుంటూ పోవడం, ఆఖరి మర నోట్లోంచి బయటికి రాగానే ఈల వేసుకోవడం అతనికి అలవాటు. ఒకరోజు కారు దిగిన సంగీత దర్శకుడు ఆ ఈల విని కొట్టు ముందు ఆగాడు. అది జరిగి ఇరవై రెండేళ్ళు. అప్పటినుంచి సినిమా పాటల్లో ఎక్కడ ఈల కావాలన్నా కిందికి కబురు వచ్చేది. అతను చేతుల నూనె తుడుచుకుని పైకి వెళ్ళి, పది నిమిషాల్లో వేసి, దిగి వచ్చి మిషను బిగించుకునేవాడు. తెర మీద పేరు ఎప్పుడూ పడలేదు. స్టూడియోలో మాత్రం అందరికీ అతను ఈలాయనే.

కిందటేడు ఒక ప్రేమకథకి పిలిచారు. ఎదురెదురు ఇళ్ళలో ఉండే అమ్మాయి, అబ్బాయి సినిమా అంతా కీచులాడుకునే హాస్యచిత్రం. అబ్బాయి కిటికీ కింద నిలబడి ఈల వేస్తాడు, అక్కడినుంచి పాట మొదలవుతుంది. సంగీత దర్శకుడు మాస్టారు కట్టిన వరసని ఈలాయన తొమ్మిదిసార్లు వేశాడు. డైరెక్టరుకి నచ్చలేదు.

"ఇది పోకిరీ ఈలలా ఉంది మాస్టారూ. వినగానే పిల్ల కిటికీ మూసేస్తుంది. నాకు తలుపు తీసే ఈల కావాలి."

"తలుపు తీసే ఈల ఎలా ఉంటుందయ్యా?" అన్నాడు మాస్టారు విసుగ్గా.

ఈలాయన గాజు గదిలో ఒక్కడే నిలబడి ఉన్నాడు. తలుపు తీసే ఈల అనగానే అతని పెదాలు వాటంతట అవే ముడుచుకున్నాయి. నాలుగు స్వరాలు. చివరిది జారింది, మెట్లు లేకపోయినా.

బయట డైరెక్టరు కుర్చీలోంచి లేచాడు. "అదీ! అదే!"

అదే ఊపులో కీబోర్డు వాయించే కుర్రవాడు, "లెవెల్ చూసుకోవాలి బాబాయ్, కింది స్వరం నుంచి పై స్వరం దాకా ఒక్కొక్కటీ విడిగా వెయ్యండి," అన్నాడు. ఈలాయన సంతోషంగా వేశాడు. అడిగి ఉంటే ఇంకో రెండు మెట్లు పైకి కూడా వేసేవాడే.

సినిమా రాకముందే పాట బయటికి వచ్చింది. రెండు వారాల్లో ఊరు ఊరంతా అదే ఈల. గ్యాసు బండలు మోసేవాడు మెట్ల మీద అదే వేశాడు. పై అంతస్తు కాలేజీ పిల్లలు అదే వేశారు. పక్కింటివాళ్ళ ఫోను అదే మోగింది. భార్య మొదటిరోజు పదకొండుసార్లు గడియ తీసింది. నాలుగో రోజుకి ఆమెకి ఒళ్ళు మండింది.

"ఇంటి తాళంచెవి తీసుకెళ్ళి ఊళ్ళో పంచిపెట్టారు కదండీ!"

"పాటకి పనికొచ్చిందే, పంచితే తప్పేంటి?"

"మీకేం, ఈల వేసి పైకొస్తారు. ప్రతిసారీ చేతిలో గరిటె పడేసి పరిగెత్తేదాన్ని నేను. రేపే బెల్లు పెట్టించండి."

పెట్టించాడు. పైకి విసుక్కున్నట్టు నటించాడుగానీ లోపల పొంగిపోయాడు. తన ఈల విని ఇన్ని తలుపులు తెరుచుకుంటున్నాయి మరి.

ఆ తర్వాత పళ్ళు ఊడాయి. పైవరస ముందు పళ్ళు మూడు. చాలాకాలంగా కదులుతున్నాయి, చిగుళ్ళు వాస్తున్నాయి, అతను లవంగం పెట్టుకుని ఊరుకున్నాడు. పళ్ళ డాక్టరు దీపం వేసి చూసి, "ఏం పని చేస్తారు మీరు?" అని అడిగాడు. చెప్పాడు. "నోరు అనుకున్నారా, సామాన్లపెట్టె అనుకున్నారా? ముప్పై ఏళ్ళు ఇనుము పట్టుకుంటే పళ్ళు ఉంటాయా?"

ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అంటారు. అతను మరలతో ఊడగొట్టుకున్నాడు. డాక్టరు పెట్టుడుపళ్ళు ఇచ్చాడు. తినొచ్చు, నవ్వొచ్చు. ఈల వెయ్యబోతే గాలి ఎక్కడికి పోతోందో తెలియకుండా పోయింది. పళ్ళు పెట్టుకుని చూశాడు, తీసేసి చూశాడు. నాలిక మడిచి, వెల్లికిలా పడుకుని, అద్దం ముందు నిలబడి చూశాడు. పెట్టుకుంటే సైకిలు ట్యూబులోంచి గాలి దిగినట్టు, తీసేస్తే వేడి పాలు ఊదినట్టు.

పాటలు ముందు, నేపథ్య సంగీతం చివర. ఆ పనిలో పద్ధతి అది. సినిమా తియ్యడం పూర్తయ్యాక కబురు వచ్చింది. చివరి సన్నివేశంలో అబ్బాయి ఊరు వదిలి వెళ్ళిపోయాడనుకుని అమ్మాయి గదిలో కూర్చుని ఉంటుంది. మెట్ల మీదనుంచి అదే ఈల వినిపించాలి. కానీ నెమ్మదిగా, అలిసిపోయినట్టుగా. పాటలోది హుషారు ఈల, అక్కడ పెడితే అతకదు. కొత్తగా వెయ్యాలి.

"మాస్టారికి చెప్పెయ్యకూడదూ?" అంది భార్య, చొక్కా గుండీ కుడుతూ.

"చెబితే ఇంకొకణ్ణి పిలుస్తారు."

"పిలవనివ్వండి."

"నా ఈలకి ఇంకొకడా?"

ఆమె దారం కొరికి చొక్కా మడతపెట్టింది. అతను మూడు రోజులు కొట్టు మూసుకుని సాధన చేశాడు. మూడో రోజు మధ్యాహ్నం ఒక్కసారి, ఒక్క స్వరం పలికింది. అంతే. దాన్ని నమ్ముకుని వెళ్ళాడు.

గాజు గదిలో ఎదురుగా తెర మీద అమ్మాయి కూర్చుని ఉంది. ఆమె తల ఎత్తే క్షణానికి ఈల పడాలి. మొదటిసారి అమ్మాయి తల ఎత్తింది, గాలి వచ్చింది. రెండోసారి ఎత్తింది, గాలి వచ్చింది. "చెయ్యి కడుక్కుని వస్తా"నని వెళ్ళి పళ్ళు తీసి జేబులో వేసుకుని వచ్చాడు. మూడోసారి కూడా అమ్మాయి ఎవరో పిలిచినట్టే తల ఎత్తింది. ఎవరూ పిలవలేదు.

ఆడలేక మద్దెల ఓడు అనడానికైనా ఒక మద్దెల ఉండాలి. అతని వాయిద్యం అతని నోరే.

"మంచినీళ్ళు తాగు," అన్నాడు మాస్టారు. తాగాడు. ఆరోసారి తర్వాత మాస్టారు తనే లోపలికి వచ్చి, అతని మొహం దగ్గరగా చూశాడు. ఏమీ అడగలేదు. భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకొచ్చాడు. అడిగి ఉంటేనే బాగుండేదేమో.

"కంగారేం లేదు బాబాయ్," అన్నాడు కీబోర్డు కుర్రవాడు. "మీ ఈల నా దగ్గర ఉంది. ఆ రోజు ఒక్కొక్క స్వరం వేశారు చూడండి, అవన్నీ దాచుకున్నా. మీటల మీద పెట్టేస్తా. మీ ఈలే, అచ్చంగా."

నొక్కాడు. స్పీకరు డబ్బాల్లోంచి ఈలాయన గొంతే వచ్చింది, పళ్ళున్న ఈలాయన గొంతు.

"నువ్వు ఇక్కడే కూర్చోవయ్యా," అన్నాడు మాస్టారు. "నీది నీకే తెలుస్తుంది. సరిగ్గా వచ్చిందో లేదో నువ్వే చెప్పాలి."

కూర్చున్నాడు. చెప్పాడు కూడా. మూడోది అంత గట్టిగా వద్దన్నాడు. నాలుగోది జారాలన్నాడు. కుర్రవాడు మీటల పక్కనున్న చక్రం వేలితో తిప్పి జార్చాడు. ఇంకొంచెం అన్నాడు. ఇంకొంచెం జార్చాడు. తెర మీద అమ్మాయి తల ఎత్తింది, ఈల పడింది, ఆమె లేచి పరిగెత్తి తలుపు తీసింది. డైరెక్టరు కళ్ళు తుడుచుకున్నాడు. "ఈలాయనా, చంపేశావు," అన్నాడు. అతను తల ఊపాడు. నోరు విప్పితే సందు కనిపిస్తుంది.

సాయంత్రం అతను రెండో అంతస్తు మలుపు దగ్గర ఆగలేదు. ఇంటి ముందుకి వచ్చి, జేబులోంచి పళ్ళు తీసి పెట్టుకుని, బెల్లు నొక్కాడు.

"ఎవరూ?"

"నేనే."

గడియ తీసింది. "అయిందా?"

"అయింది. డైరెక్టరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు."

"నిజంగా? మీరే వేశారా?"

అతను ఫోను తీసి ఆ ఈల పెట్టాడు. తను స్టూడియో మెట్లు దిగేటప్పుడు కుర్రవాడు ఆ ముక్క పంపించాడు. నాలుగు స్వరాలు వంటగదిలో మోగాయి. ఆమె పొయ్యి తగ్గించి, తల వంచి వింది. "మళ్ళీ పెట్టండి," అంది. మళ్ళీ పెట్టాడు.

"మీదే," అంది. ఆ తర్వాత గిన్నె మీద మూత పెడుతూ, అతని వైపు చూడకుండా, "మెట్లెక్కి వేసింది కాదు," అంది.

అతను ఫోను జేబులో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. అద్దె తక్కువని ఈ ఇంట్లో దిగినప్పటినుంచీ ఆ మెట్లని తిట్టుకుంటూనే ఉన్నాడు.

కింద ఎవరో ఎక్కుతున్నారు. చెప్పుల చప్పుడు రెండో అంతస్తు మలుపు దాకా వచ్చి ఆగింది. ఈల వినిపించింది. నాలుగు స్వరాలు, చివరిది జారుతూ.

ఆమె చేతిలో గరిటె పక్కన పెట్టి, రెండడుగులు వేసి, గడియ మీద చెయ్యి వేసింది. అలాగే ఆగి, వెనక్కి తిరిగి చూసింది.

అతను ఇంట్లోనే ఉన్నాడు.