నేను మార్చని నీళ్లు

ఏడేళ్లు ఒక మాట నాలోనే దాచుకున్నాను. ఆ రోజు ల్యాబులో "మార్చలేదు" అని ఉంటే ఒక అమ్మాయి చదువు ఆగిపోయేది కాదు. నేను అనలేదు.

తమిళ ప్రాంతమైన ధర్మపురి దగ్గర ఒక కాలేజీలో నేను ల్యాబ్ అసిస్టెంటును. అక్కడ పట్టుగూళ్లతో ఒక రకం సిరా చేసేవాళ్లం. అందులో బతికున్న కణాలు కలిపి, యంత్రంతో పొర మీద పొర అచ్చువేస్తే, ఎప్పటికైనా కాలిన గాయాలకు చర్మం అవుతుందని మా సారు ఆశ. పట్టు కరగడానికి ఘాటైన ఉప్పు కలపాలి. అది మిగిలితే కణాలు చస్తాయి. ఆ ఉప్పు పోవాలంటే ద్రావణాన్ని పల్చటి సంచిలో కట్టి శుద్ధమైన నీళ్లలో ఉంచి, రెండు రోజుల్లో ఆరుసార్లు నీళ్లు మార్చాలి. ఆ పని నాది.

ఎండాకాలం. ఇంట్లో రెండు బిందెల కోసం ట్యాంకరు దగ్గర నిలబడే రోజులు. తేటగా ఉన్న నీళ్లను పారబోయడానికి నాకు చెయ్యి రాలేదు. మూడుసార్లే మార్చాను. ల్యాబు పుస్తకంలో ఆరు అని రాశాను. అది పొదుపా? సోమరితనానికి నేను పెట్టుకున్న పేరా? ఇప్పటికీ తేలలేదు.

ఆ సిరాతో గౌరి మూడుసార్లు అచ్చువేసింది. పరిశోధన చేసే అమ్మాయి, ఊరు మారండహళ్ళి. ఇంట్లో మాలాగే తెలుగు. మూడుసార్లూ కణాలు చచ్చిపోయాయి. నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, నీళ్లు ఆరుసార్లూ మార్చినావు కదా?"

"మార్చినాను. పుస్తకం చూడు. తప్పు సిరా మింద పెట్టొద్దు పాపా, నీ చెయ్యి శుభ్రంగా ఉందా చూసుకో."

ఆమె నిజంగానే తన చేతులు చూసుకుంది.

సారు ఆమెను పరిశోధన నుంచి తప్పించారు. స్టైపెండు ఆగింది, చదువు ఆగింది. తర్వాతి సిరాకు నేను ఆరుసార్లూ నీళ్లు మార్చాను. ఇంకో విద్యార్థి అచ్చువేశాడు. కణాలు బతికాయి. అందరూ అతని పనితనాన్ని మెచ్చుకున్నారు. నేనూ తలూపాను. అంతా తెలిసి తలూపిన మనిషిని ఏమనాలి?

పోయిన నెల సారుకు అన్నీ రాసిచ్చాను. తర్వాత మారండహళ్ళి బస్టాండుకు వెళ్లాను. గౌరి కంపెనీ యూనిఫాంలో హోసూరు బస్సు కోసం నిలబడి ఉంది. జరిగింది చెప్పాను.

"మా నాయన ఉన్నప్పుడు చెప్పుంటే బాగుండు," అంది. "నేనే చెడగొట్టుకున్నానని నమ్మి పోయినాడు."

బస్సు వచ్చింది. ఆమె మెట్టెక్కింది. కింద నిలబడి అన్నాను.

"తప్పు నేను చేసినాను గౌరీ. అబద్ధం చెప్పి నీ చదువు పోగొట్టినాను. నన్ను మన్నించు తల్లీ."