డంపింగ్ అనే మాట

మొన్న ఆదివారం మా అక్క మనవరాలు పరుగెత్తుకుంటూ వచ్చి, అంతర్జాతీయ వాణిజ్య రాజకీయాల మీద ఐరోపాలో ఏదో మూడు వారాల కోర్సుకు తనను ఎంపిక చేశారని ఒకటే గెంతులు వేసింది. నెల్లూరు కాలేజీలో చదువుకునే పిల్లకు అంత అవకాశం వచ్చిందంటే సంతోషించాల్సిందే, నేనూ నోరారా శభాష్ అన్నాను గానీ, ఆ కోర్సు పేరు చెవిన పడగానే నా ప్రాణం ఉసూరుమంది. ఎందుకంటే అలాంటి కోర్సుకే ఇరవై ఏళ్ల కిందట నేనూ పోయి వచ్చాను. ఆ కథ మన ఈడు వాళ్లకు చెప్పుకుంటేనే అర్థమవుతుంది. ఈ కాలం పిల్లలకు చెబితే ఫోటోలున్నాయా అని అడుగుతారు.

అప్పట్లో నేను నెల్లూరులో రొయ్యలు ఎగుమతి చేసే ఒక చిన్న కంపెనీలో గుమాస్తాకు ఎక్కువ, మేనేజరుకు తక్కువ. అక్కను ఇచ్చింది కృష్ణపట్నం పోయే దారిలోని ఒక పల్లెకు. అందరూ చేశారని బావ కూడా బంగారంలాంటి వరి కయ్యలను తవ్వించి రొయ్యల గుంటలు చేసేశాడు. ఉప్పునీళ్లు పెట్టిన నేల మళ్లీ వరికి పనికిరాదని తెలిసే చేశాడు, ఆ రోజుల్లో టైగర్ రొయ్య ఇచ్చిన ధైర్యం అలాంటిది. ఇంటిల్లిపాది తిండీ బట్టా ఇక ఆ గుంటల మీదే. సరిగ్గా అప్పుడు, మన రొయ్యల మీద అమెరికావాళ్లు డంపింగ్ సుంకం వేయబోతున్నారని పేపర్లో పడింది.

డంపింగ్ అంటే మా వైపు తెలిసిన అర్థం ఒకటే, మున్సిపాలిటీ లారీ ఊరి బయట చెత్త కుమ్మరించడం. బావకు రోషం పొడుచుకొచ్చింది. గుంట గట్టు మీద నిలబడి పేపరును నేలకేసి కొట్టి, "నా రొయ్యిని చెత్తంటారా వాళ్ల దుంపతెగ! పట్టింది పట్టినట్టే ఐసులో పెడతా ఉండామే!" అని ఊగిపోయాడు. ఊరంతా అదే అనుకున్నది, కుళ్లిన సరుకు పంపుతున్నామని మన మీద అభాండం వేశారని. అది కాదు బావా, మనం మరీ చౌకగా అమ్ముతున్నామని వాళ్ల ఫిర్యాదు అని నేను విడమరచి చెబితే, చౌకగా ఇస్తే ఏడ్చేవాడు ఈ లోకంలో ఎవడైనా ఉంటాడా అని నన్నే వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు.

అలాంటి సమయంలో మా కంపెనీ నన్ను స్విట్జర్లాండులో జరిగే ఆ కోర్సుకు పంపింది. కోర్సు అన్న మాట మావాళ్ల చెవికి ఎక్కలేదు. మనోడు పెద్ద పంచాయితీకి పోతున్నాడు, మన మాట అక్కడ చెప్పి వస్తాడు అనుకున్నారు. గుంటలున్న వాళ్లంతా అక్క వసారాలో చేరి తలా ఒక మాట నాకు అప్పజెప్పారు. మందులు ఎక్కువ వాడటం లేదని చెప్పమన్నారు ఒకరు, పోయిన తుఫానుకు గట్లు తెగిపోయిన సంగతి మరిచిపోవద్దన్నారు ఇంకొకరు. అక్క మంచి రొయ్యలు ఏరి ఊరగాయ పెట్టి, డబ్బాను పాత తువ్వాలులో మూటగట్టింది. బావ దాన్ని నా చేతిలో పెట్టి, "ఊరికే మాట్లాడబాక అబ్బయా, ముందు ఇది తినిపీ. తిన్నాక వాళ్లే చెప్తారు, చెత్తో కాదో" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి.

అక్కడ సరస్సు ఒడ్డున ఒక అద్దాల గదిలో మమ్మల్ని తలా ఒక దేశం చేసి, ఎదురెదురుగా కూర్చోబెట్టి బేరాల ఆట ఆడించేవారు. మా పంతులమ్మ జీవితమంతా నిజమైన బేరాల మధ్యే గడిపిన పెద్దావిడ. మొహమాటపడుతూనే ఒక మధ్యాహ్నం ఆమె ముందు డబ్బా తెరిచాను. మంటకు కళ్లలోంచి నీళ్లు కారుతున్నా వదలకుండా బ్రెడ్డుతో అడుగు దాకా ఊడ్చి తిన్నది. అప్పుడు బావ మాట చెప్పాను. ఆమె నవ్వలేదు. రుచికీ ఈ సుంకానికీ సంబంధమే లేదని, అమెరికా తీరంలోనూ గిట్టుబాటు కాక పడవలు అమ్ముకుంటున్న రొయ్యల వేటగాళ్లున్నారని, వాళ్లకు ఓట్లున్నాయి, మీ బావకు అక్కడ ఓటు లేదు, అంతే సంగతి అని మెల్లగా చెప్పింది. పోనీ కోపం తెచ్చుకుందామన్నా ఎవరి మీద తెచ్చుకోను? పడవ అమ్ముకునే ఆ మనిషి నాకు అచ్చం మా పక్క జాలర్ల పాళెంలోని మనిషిలాగే కనబడ్డాడు.

తిరిగొచ్చిన రోజు బావ నెల్లూరు స్టేషనుకే వచ్చేశాడు. ఆటోలో కూర్చున్నంతసేపూ ఉన్నదంతా చెప్పాను, ఓట్ల సంగతితో సహా ఒక్క ముక్క దాచలేదు. ఆయన తలకెక్కింది ఒకటే. "తిన్నారు గదా? బాగుండాదన్నారు గదా? మరింకేంది, తీసేస్తార్లే" అని ఆ వారంలోనే అన్ని గుంటల్లోనూ రొయ్య పిల్లను వదిలాడు.

సుంకం పడనే పడింది. ఆ తరువాత తెల్లమచ్చ తెగులు మళ్లీ విరుచుకుపడింది, టైగర్ పోయి వనామి రకం రొయ్య వచ్చింది, ఒక పంటకు లేవడం, రెండు పంటలకు కూలబడటం, అలాగే ఏళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు మళ్లీ అమెరికా సుంకాల గోల. కొనేవాడు ఫోనులో ఒక ధర చెప్పి పెట్టేస్తాడు, మారు మాట్లాడేందుకు ఏమీ ఉండదు. బావ కిందటేడే గుంటలు ఎండగట్టేశాడు. పోనీ వరి వేద్దామా అంటే నేలంతా ఉప్పు తెల్లగా పేరుకుపోయి ఉంది, గడ్డి కూడా సరిగ్గా మొలవదు.

నిన్న మనవరాలు తాతకు ప్రయాణం చెప్పిపోవడానికి ఊరికి వచ్చింది, నేనూ అక్కడే ఉన్నాను. నేనే ఉండబట్టలేక, ఆ పిల్లకు ఏమన్నా చెప్పి పంపు బావా అన్నాను.

"ఏముండాది అబ్బయా చెప్పేదానికి? పోయి చదువుకోని రానీ" అన్నాడు, అంతే.

ఆయన మునుపటిలా అమెరికావాళ్లను తిట్టి ఉంటే బాగుండేది. మనం చెబితే వినేవాడు దూరాన ఎవడో ఒకడుంటాడని నమ్మిన ఊరు ఇది. అది వెర్రి నమ్మకమని ఆ గదిలో కూర్చున్న రోజే నాకు తెలుసు. అయినా ఆ నమ్మకం కూడా పోయిన ఈ ఊళ్లో ఆయన పక్కన ఊరికే కూర్చోవడం నా వల్ల కావడం లేదు.