ఆయన మాట, ఆవిడ చేతులు

మా పక్క వాటాలో ఉండే అన్నయ్య ఇంటి నుంచే ఓ ఓడల కంపెనీకి పనిచేసేవాడు. ఏ ఓడలో ఏ సరుకు వెళుతోందో ఆ కాగితాలు సరిచూడటం ఆయన పని. పక్షవాతం వచ్చి చేతులు, మెడ, సగం మాట పోయాయి. సెలవులు అయిపోయాక కంప్యూటరు ముందు వదిన తనూ ఓ కుర్చీ వేసుకుంది. ఆయన తెర చూసి తప్పులు చెబుతుంటే ఆవిడ టైపు చేసేది.

మొదట్లో ఒక్కో అంకె పలకడానికి ఆయనకు చెమటలు పట్టేవి. రోజంతా అలా చెప్పీ చెప్పీ నాలుగు నెలలకు నాలుక తిరిగింది. "మందులు సగం, ఆ కాగితాలు సగం. పని మాత్రం మాన్పించకండి" అన్నాడు డాక్టరు.

నేను వెళితే వదిన నవ్వేది. "ఓడ ఎలా ఉంటుందో ఎరగను గానీ, ఎందులో ఎన్ని మేకులు పోతున్నాయో నన్నడుగు!"

"మేకులు కావే, మరమేకులు" అని ముద్దముద్దగా దిద్దేవాడాయన. ఆ దిద్దుబాటు వింటే దేవుడు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాడనిపించేది నాకు.

కంపెనీ కాగితాలు పరాయివాళ్ళ కంట పడకూడదని, రోజూ పొద్దున కెమెరాకు ముఖం చూపిస్తేనే పని తెరుచుకునేది. ఓ సోమవారం కొత్త నిబంధన వచ్చింది: తల ఎడమకూ కుడికీ తిప్పి చూపించాలి. ఆయన మెడ తిరగదు. వదిన రెండు చేతులతో పట్టి మెల్లగా తిప్పింది. పరాయి చేతులు కనబడగానే అంతా మూసుకుపోయింది.

కాసేపటికి కంపెనీలో ఈ కంప్యూటరు తాళాలు చూసే ఉద్యోగి ఫోను చేశాడు. పాస్‌వర్డు మరిచిపోయిన ప్రతిసారీ విసుక్కోకుండా తెరిచిపెట్టిన మనిషే.

"అమ్మా, మెడ సంగతి రాసి మినహాయింపు అడుగుతాను. ఒక్క మాట మాత్రం సార్ నోటే వినాలి. సార్, టైపు చేసేది మీరే కదా?"

వదిన అన్నయ్య భుజం నొక్కింది. ఊఁ అంటే చాలు.

"లేదు బాబూ. చేతులు మా ఆవిడవి."

"సార్... ఇదంతా రికార్డవుతోంది" అన్నాడతను నీరసంగా. "ఇక నేను తెరవలేను. క్షమించండి."

"నీ తప్పేముంది నాయనా" అన్నాడు అన్నయ్య.

వదిన అక్కడే కూలబడింది. "ఒక్క ఊఁ! అదీ బరువైపోయిందా మీకు?"

"ఆ కాగితాల కింద పేరు నాది కదే."

ఫోను చేసిన ఆ ఉద్యోగి వీళ్ళ తరఫున పైవాళ్ళకు రెండుసార్లు రాశాడట. జవాబు రాలేదు. మూడోనాడు కంపెనీ మనిషి వచ్చి కంప్యూటరు సర్దుకున్నాడు. వదిన ఏడుస్తుంటే కుండలో నీళ్ళు తనే ముంచి ఇచ్చి, తాగేదాకా నిలబడి, వెళ్ళాడు.

తరువాత వదిన పేపరు చదివించబోయింది. "ఎవరికోసం?" అన్నాడాయన. రోజురోజుకూ ఆ మాటలూ తగ్గాయి. ఇప్పుడు "ఎలా ఉన్నావన్నయ్యా?" అంటే ఆయన వదిన వైపు చూస్తాడు. "బాగానే ఉన్నారు" అని ఆవిడే చెబుతుంది. ప్రార్థనకు కూర్చుంటే ఆ ఇంటి కోసం ఏమడగాలో నాకు తోచడం లేదు.