మండపేట రెండుసార్లు భోంచేసిన రోజు

ఆ రోజుల్లో కంప్యూటర్లకి మనుషుల మీద ఇప్పటంత అనుమానం ఉండేది కాదండి. పేరడిగేవి కావు, అనుమతి అడిగేవి కావు. సీ భాషలో ఒక్క లైను రాస్తే చాలు, తిన్నగా లోపలి తీగ పట్టుకోనిచ్చేవి. ముక్కూమొహం తెలియనివాడి చేతిలో వంటింటి తాళాలు పెట్టినట్టన్నమాట. అలా తాళాలందుకున్నవాళ్ళలో నేనొకణ్ణి. డిప్లొమా అయ్యాక ఏడాదిపాటు రామచంద్రపురంలో మా అరుగు మీద కూర్చుని పేపర్లో ఉద్యోగాల పేజీ చదివీ చదివీ, దాన్ని అచ్చువేసినవాడికంటే నేనే బాగా అప్పజెప్పే స్థితికొచ్చాను. ఆఖరికి మా నాన్న గడువు పెట్టేశారు. "శనివారంలోగా ఏదో ఒకటి తేల్చుకో. లేదా సోమవారం నుంచి మీ బాబాయి ఎరువుల కొట్లో కూర్చో." ఎరువుల వాసనకి నాకు తుమ్ములు. అవి కూడా ఒకటీ రెండూ కాదు, జత ఎడ్లు బెదిరి బండి వదిలి పారిపోయేంత (నమ్మకపోతే మా బాబాయినడగండి).

మండపేటలో మా మావయ్యకి రైసుమిల్లుండేది. ఆఫీసులో ఓ పాత కంప్యూటరు, లారీ చీటీలు ప్రింటు తీయడానికి అందులో నేను రాసిచ్చిన ప్రోగ్రామూ ఉన్నాయి. మావయ్య దిగులంతా మధ్యాహ్నం మండపేటని భోజనానికి లేపే మిల్లు సైరన్ గురించి. దాన్ని మోగించేది వాచ్‌మన్. ఊరంతా సైరన్ తాత అనేవారు. "తాత గడియారం అతని ఆకలిని బట్టి నడుస్తుందిరా. ఒకరోజు పదకొండున్నర, ఒకరోజు పన్నెండుంబావు. నీ కంప్యూటరు చేత సరిగ్గా పన్నెండింటికి మోగించు, ఫాను కింద కుర్చీ వేయించి ఉద్యోగమిస్తాను" అన్నాడు మావయ్య. పక్కనే ఉన్న తాత కంప్యూటర్ని ఎగాదిగా చూసి, "దానికి ఆకలేత్తదేంటండి, బోయినం టైము తెలియడానికి?" అన్నాడు.

పని చిన్నదే. ప్రింటరు తగిలించే పోర్టుకి 378 అని ఓ నంబరుంది. ఆ నంబరుకి outportb అనే మాటతో ఓ అంకె పంపితే, దాని ఎనిమిది తీగల్లో ఆ అంకెకి తగ్గవాటికి కరెంటొస్తుంది. రెండు అని పంపితే రెండో తీగకి. ఆ తీగకి ఓ రిలే, అంటే కరెంటొస్తే దానంతటదే పడే స్విచ్చి, తగిలించాను. తీగ బతికితే రిలే టక్కుమంటుంది, సైరన్ కూస్తుంది. చీటీల ప్రోగ్రాంలోనే గడియారం చూసే నాలుగు లైన్లు దూర్చేశాను. చిక్కల్లా చీటీలు తీసే గుమస్తాగారితో వచ్చింది. "మాటిమాటికీ ప్రింటరు పీకి మీ రిలే, రిలే పీకి ప్రింటరు పెట్టడం నావల్ల కాదు బాబూ" అన్నారు. "అదెంత పనండీ" అని కేబులు చీల్చి రెండింటినీ కలిపే ఉంచేశాను. ఒకే బోదెతో రెండు చేలకి నీళ్ళు పెట్టుకున్న వంశం మాది. బుద్ధి ఎక్కడికి పోతుంది?

శనివారం పన్నెండయింది. సెకను అటూ ఇటూ కాకుండా సైరన్ కూసింది, పది సెకన్లకి ఆగింది. కూలీలు చప్పట్లు కొట్టారు. మావయ్య కుర్చీకి కబురంపాడు. నేను వాళ్ళింట్లో అత్తయ్య పెట్టిన ములక్కాడ పులుసు మూడుసార్లు వడ్డించుకుని, ఉద్యోగస్థుడి నిద్ర ఎలా ఉంటుందో చూద్దామని నడుం వాల్చాను.

రెండింటికి సైరన్ కూసింది. మొదట పులుసు ప్రభావమనుకున్నాను. ఆగలేదు. లుంగీతోనే సైకిలెక్కాను. దారిలో ఆడవాళ్ళు "ఇదేంటమ్మా, మళ్ళీ బోయినాలా!" అంటూ పొయ్యి మీద ఎసరు పెట్టేస్తున్నారు. పక్కవీధి బడిలో ప్యూను లాంగ్ బెల్ కొట్టేశాడు, పిల్లలు నాకెదురొచ్చారు. సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలో వదిలేసి మంగలి క్యారేజీ విప్పాడట (ఇది నేను కళ్ళారా చూడలేదు, కానీ చెప్పినవాడు నాకంటే పెద్ద అబద్ధాలకోరు కాడు).

మిల్లులో కూలీలు సగం లోడుతో లారీని వదిలేసి గేటు దాటేశారు. గుమస్తాగారు కంప్యూటరు ముందు చెమటలు కక్కుతున్నారు. "ఇవాళ మొదటి చీటీ తీశానండి, కూత మొదలైంది. మళ్ళీ తీస్తే ఆగుతుందేమోనని ఇంకో పదకొండు తీశాను."

"స్విచ్చి కట్టేయకపోయారా?"

"అడ్డదిడ్డంగా కట్టేస్తే అంతా పోతుందని మీరేగా భయపెట్టారు!"

ఈలోగా తాత తాపీగా నిచ్చెనెక్కి, సైరన్ ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. ఊరంతా ఒక్కసారి చెవులు దులుపుకుంది.

"ఏమైందిరా?" అన్నాడు మావయ్య. ఆ గొంతులో నాకు ఎరువుల వాసనొచ్చింది.

ఉన్నదంతా ఒప్పుకున్నాను. పోర్టంటే చిలక్కొయ్యలాంటిది, దానికి తగిలించిన చొక్కా ఇంకో చొక్కా తగిలించేదాకా అలాగే వేలాడుతుంది. చీటీలో ప్రతి లైను చివరా, కాగితం పైకి జరపమని ప్రింటరుకి పది అనే అంకె వెళుతుంది. పదంటే ఎనిమిదీ రెండూ. ఆ రెండే మన సైరన్ తీగ. చీటీ అయిపోయినా పది మాత్రం అక్కడే వేలాడుతోంది. చివర్లో సున్నా పంపమని ఒక్క లైను రాసుంటే ఆగిపోయేది. అదే నేను మర్చిపోయాను.

మావయ్య నోరు తెరిచేలోపు కూలీల మేస్త్రి మూతి తుడుచుకుంటూ తిరిగొచ్చాడు. "అయ్యగారూ, ఈ కుర్రోణ్ణి పంపేయకండి. ఇరవయ్యేళ్ళుగా చేత్తన్నానండి, మధ్యాహ్నం రెండోసారి కూడు తినమని సైరనేసిన మారాజు ఈయనొక్కడేనండి!" వెనకున్న కూలీలంతా గొల్లుమన్నారు. మావయ్య మీసం కింద నవ్వు దాచుకోలేక, "సరే, కుర్చీ ఉంటుంది. చీటీలు నువ్వు చూడు. సైరన్ మాత్రం తాతే" అన్నాడు. తాత ఫ్యూజు తీసి నా చేతిలో పెట్టి, "ఏసి రండి బాబుగారూ, మళ్ళీ నిచ్చెనెక్కితే నా మోకాళ్ళు పట్టేత్తాయి" అన్నాడు. ముందు రిలే పీకేసి, నిచ్చెనెక్కాను. నా ఉద్యోగంలో మొదటి పని అదే.

ఇప్పటి కంప్యూటర్లలో పోర్టు ముట్టుకుందామంటే, నీకా అధికారం లేదు పొమ్మంటున్నాయి. పొమ్మననీయండి. ఒకప్పుడు నేను మర్చిపోయిన ఒక్క సున్నాతో మండపేట మండపేటంతా భోజనానికి లేచింది. ఇవాళ కంచాలు పెట్టి గంటసేపు కేకలేసినా, మా ఇంట్లో ముగ్గురంటే ముగ్గురు లేవడం లేదు.